మనిషి వచ్చేదాకా

జూన్ 27

అమ్మాయికి దీవెనలు.

అలవాటు చొప్పున ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ అని మొదలుపెట్టబోయి చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాను. ఇకనుంచి ‘అమ్మాయికి’ అనే రాస్తాను. వేరేగా అనుకోకు.

ఫోన్లో నువ్వు ‘ఆ’ అంటావు, ‘ఊ’ అంటావు. నా చెవిటి చెవులకి రెండూ ఒకటే. చెవి మిషను పెట్టుకుంటే అది ఈల వేస్తుంది తప్ప మాట వినిపించదు. ఉత్తరమైతే నయం, ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

బడులు తెరిచారు. షాపు నిండా యూనిఫారాలే. కొడుకు పోయి నెల తిరక్కుండానే కత్తెర పట్టుకున్నానని వీధిలో బుగ్గలు నొక్కుకున్నారట. ఏం చెయ్యను? పిల్లలు నిక్కర్లు లేకుండా బడికి వెళ్ళరు కదా. ఏడుస్తానేమోనని మా చెల్లెలు గంటకోసారి వచ్చి నా మొహంలోకి తొంగి చూసి పోతోంది. ఏడుపు రావడం లేదు. పొద్దున్న లేస్తున్నాను, కుడుతున్నాను, తింటున్నాను. ఏం తిన్నావని అడిగితే మాత్రం చెప్పలేను.

ఒక సంగతి అడగాలి. మేం మీ ఇంట్లో ఉన్నప్పుడు నీతో పనిచేసే ఆ గొంతు పెద్ద అమ్మాయి వచ్చింది చూడు, ఆ పిల్ల మా చెల్లెలితో అందట: “కబురు తెలిశాక కూడా సీట్లోంచి లేవలేదండీ, పని పూర్తిచేసే లేచింది” అని. మెచ్చుకుంటూనే అందట. మా చెల్లెలికి అది మెచ్చుకోలుగా అనిపించలేదు. అప్పట్నుంచీ నా దగ్గర అదే పాట.

నిజమా అమ్మాయీ? నిలదీయడం లేదు. తెలుసుకోవాలనుంది, అంతే.

దీవెనలతో,
మీ మామయ్య

జూలై 5

మామయ్యగారికి నమస్కారాలు.

అవును, నిజమే. మనిషి వచ్చేదాకా లేవకూడదు. అది మా పద్ధతి.

నేను బాగానే ఉన్నాను. డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చేదాకా విమానాలతో మాట్లాడే మైకు ముందు కూర్చోనివ్వరు. రోజూ ఆఫీసుకి వెళ్ళి ట్రైనింగు గదిలో పాత మ్యాపులు సర్దుతున్నాను. ఎవరూ నాతో పెద్దగా మాట్లాడరు. నాకూ అదే బాగుంది.

లిఫ్టుల కంపెనీ వాళ్ళు ఆయన పనిముట్ల సంచీ పంపించారు. గుమ్మం పక్కనే పెట్టాను. ఆయన బట్టల బీరువా ఏం చేయమంటారో చెప్పండి. మీరెలా అంటే అలా.

పిన్నిగారిని అడిగానని చెప్పండి.

మీ కోడలు

జూలై 12

అమ్మాయికి దీవెనలు.

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. అది పద్ధతా? మొగుడు రోడ్డు మీద వ్యాను కింద పడి పోయాడని తెలిసిన ఆడపిల్లని, కుర్చీలోంచి లేవనివ్వని పద్ధతా? మనుషులు పెట్టిందేనా అది?

మీ అత్తయ్య పోయిన రోజు నేను ఇంకొకరి షాపులో జీతానికి కుట్టేవాణ్ణి. కబురు రాగానే ఆ షాపాయన మిషను ఆపి, నా చేతిలో గుడ్డ లాక్కుని, తన స్కూటరు మీద ఇంటికి తీసుకొచ్చాడు. పరమ పిసినారి, నోరు తెరిస్తే బూతు. అయినా ఆ మాత్రం మనిషితనం ఉంది. నీ ఆఫీసులో అంత చదువుకున్నవాళ్ళున్నారు, ఒక్కడికి లేకపోయిందా?

నువ్వు నోరెత్తలేవు, ఉద్యోగం. నాకేం? ఆ సంగతి నేను చూసుకుంటాను.

బీరువా గురించి రాశావు. అంత తొందరేం వచ్చింది? నీకు అడ్డంగా ఉంటే చెప్పు, వచ్చి తీసుకుపోతాను.

మీ మామయ్య

జూలై 24

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ ఫిర్యాదు అందింది. నాకు కాదు, మా సెంటర్ డైరెక్టరుకి.

నిన్న నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. ‘మృతుని తండ్రి ఫిర్యాదు. కుటుంబసభ్యుని మరణవార్త తెలిసిన తరువాత కూడా కంట్రోలర్ విధుల్లో కొనసాగడం గురించి’ అని ఉంది పైన. వారంలోగా సంజాయిషీ ఇమ్మన్నారు. మీరు రాసిన అసలు ఉత్తరం నాకు చూపించలేదు. చూపించకపోయినా అర్థమైంది. పిన్నిగారు ఏమనుకున్నారో మీరూ అదే అనుకున్నారు. ఆ మాట నాతోనే అనుంటే సరిపోయేది.

ఆ రోజు డ్యూటీలో ఉన్న మా సూపర్‌వైజరుని రోస్టర్ నుంచి తప్పించారు. విచారణ అయ్యేదాకా ఆయన ఇంట్లోనే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క మాట రాలేదు.

బీరువా తాళం ఈ కవర్లో పెడుతున్నాను. మీకు వీలైనప్పుడు వచ్చి తీసుకువెళ్ళవచ్చు.

ఇట్లు,
భవదీయురాలు

జూలై 30

అమ్మాయికి,

కింద ‘భవదీయురాలు’ అని పెట్టావు. బ్యాంకు వాళ్ళు నాకలా రాస్తారు.

తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాను. మా చెల్లెలు వచ్చి ఏంటని అడిగితే జేబులో వేసుకుని షాపుకి వెళ్ళిపోయాను.

అమ్మాయీ, నేను రాసింది నీ మీద కాదు. ఒట్టు. ‘మా కోడల్ని బలవంతంగా కూర్చోబెట్టినవాళ్ళు ఎవరో తేల్చండి’ అని రాశాను. అదే మాట. వాళ్ళ గుమాస్తా దాన్ని ఎలా తిరగేసి రాసుకున్నాడో నాకు తెలీదు. నాకు చదువు తక్కువ, కోపం ఎక్కువ. వాడు పోయాక కోపం ఒక్కటే మిగిలింది, అది కూడా పట్టుకునే చోటు లేక నీ ఆఫీసు మీద పడింది. ఆ వ్యాను డ్రైవరు దొరకలేదు కదా.

ఆ సూపర్‌వైజరుగారి గురించి నాకు తెలీదు. నాకు ఏదీ తెలీదు. నీ పనేమిటని వాడిని అడిగితే “విమానాలు ఒకదానికొకటి గుద్దుకోకుండా చూస్తుంది నాన్నా” అనేవాడు, అక్కడితో సరి. నువ్వు రాసిన ముక్క ‘మనిషి వచ్చేదాకా లేవకూడదు’ అని. దానికి ముందూ వెనకా నేనే అతుకులు వేసుకున్నాను. నువ్వు చెప్పకపోతే నాకు ఆ అతుకుల బొంతే గతి.

ఆ రోజు ఏం జరిగింది? చెప్పాలనిపిస్తేనే చెప్పు.

బీరువా అక్కడే ఉండనీ. నువ్వే వదిలించుకోవాలనుకుంటున్నావని అనుకున్నాను. అదీ తప్పేనా?

మీ మామయ్య

ఆగస్టు 7

మామయ్యగారికి నమస్కారాలు.

అదీ తప్పే. బీరువా తలుపు తీయాలంటే నాకు చేతకావడం లేదు. మీరు వచ్చి తీస్తారేమోనని అలా రాశాను.

మా పని గురించి ఆయన అడిగినప్పుడల్లా “ట్రాఫిక్ పోలీసు పనే, కాకపోతే ఎండ తగలదు” అని దాటేసేదాన్ని. మీకు చెప్తాను.

విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ చూసుకునేది టవర్ వాళ్ళు. వాళ్ళకి చుట్టూ అద్దాలు, రన్‌వే కంటికి కనిపిస్తుంది. మాకు కిటికీ అన్నదే లేదు. విమానం నేల వదలగానే టవర్ దాన్ని అప్రోచ్ వాళ్ళకి ఇస్తుంది. వాళ్ళు ఇంకాస్త పైకి ఎక్కించి మా సెంటర్‌కి ఇస్తారు. దేశం మీదున్న ఆకాశాన్నంతా గదులు గదులుగా విడగొట్టుకున్నాం. సెక్టార్లంటాం. గోడలు మా తెరల మీదే ఉంటాయి, పైలట్లకి కనిపించవు. ఒక్కో సెక్టార్‌కి ఇద్దరం. ఒకరు మైకులో పైలట్లతో మాట్లాడతారు. పక్కనున్నవాళ్ళు ఫోన్లో అవతలి సెక్టార్లతో మాట్లాడి, రాబోయేవాటికి ఎత్తూ దారీ ముందే కుదురుస్తారు. ఏ విమానమూ ఎవరి చేతిలోనూ లేకుండా ఒక్క క్షణం ఉండకూడదు. అవతలివాళ్ళు తీసుకున్నామన్నాకే మనం వదలాలి. పొరుగు దేశంతోనైనా అంతే. వదిలేటప్పుడు పైలట్‌కి కొత్త ఫ్రీక్వెన్సీ చెప్పి ‘గుడ్ డే’ అంటాం. వాళ్ళూ తిరిగి అంటారు. ఇదే రోజంతా.

ఆ మధ్యాహ్నం సరిగ్గా నా సెక్టార్ నడుమ ఉరుముల మబ్బు లేచింది. మామూలుగా అయితే విమానాలు గీసిన గీత మీద పోతాయి. మబ్బు లేస్తే ఒకాయన ఎడమకి పోతానంటాడు, ఒకాయన కుడికి, ఇంకొకాయన పైకి. ‘ఈయన తప్పుకోగానే నిన్ను ఎక్కిస్తా’ అని ఒకరికి మాటిస్తాం, ‘మబ్బు దాటగానే తిన్నగా పంపిస్తా’ అని ఇంకొకరికి. తెర మీద చుక్కలూ అంకెలూ ఉంటాయి గానీ, ఎవరిని ఎప్పుడు ఏం చేయబోతున్నానో అదంతా నా తలలోనే ఉంటుంది.

మా ఫోన్లు బయట లాకర్లలో పెట్టేస్తాం. అందుకని ఆసుపత్రి వాళ్ళు సూపర్‌వైజరుగారి బల్ల మీద ఫోన్‌కి చేశారు. ఆయన వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు.

“నిన్ను మార్చమన్నానమ్మా. మనిషి వస్తోంది” అన్నారు.

నా వంతు అప్పుడే అయిపోలేదు. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే “ఇంటి నుంచా సార్?” అన్నాను.

“అవును.”

మా ఇంట్లో ఇద్దరమే కదా. “ఆయన ఉన్నారా?” అన్నాను.

ఒక్క క్షణం తల తిప్పి సారు మొహం చూశాను, తెలిసిపోయింది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. తన హెడ్‌సెట్ నేను వినేదీ అనేదీ అంతా తనకీ వినపడేలా నా పక్కన గుచ్చుకుని, వంగి, “ఉండగలవా? లేదంటే ఇప్పుడే నేను తీసుకుంటాను” అన్నారు. తీసుకోగలరు కూడా. కానీ ఎవరికి ఏం మాటిచ్చానో ఆయనకి తెలీదు కదా. ఆ మబ్బు చుట్టూ అన్ని విమానాలు పెట్టుకుని ఒక్కసారిగా లేచిపోతే, ఆ మాటలన్నీ నాతోపాటు తలుపు దాటి వెళ్ళిపోతాయి.

“మనిషి వచ్చేదాకా ఉంటాను” అన్నాను.

ఆ మాట నేనే అన్నాను మామయ్యగారూ. ఎవరూ కూర్చోబెట్టలేదు.

వచ్చింది ఆ గొంతు పెద్ద పిల్లే. మేం సైరన్ అంటాం. తను హెడ్‌సెట్ పెట్టుకుని పక్కన నిలబడి కాసేపు వింది, చూసింది. మబ్బు ఎటు కదులుతోందో, ఎవరు ఎంత ఎత్తులో ఉన్నారో, ఎవరికి ఏం బాకీ ఉన్నానో ఒక్కొక్కటీ చెప్పాను. అన్నీ తిరిగి నాకు అప్పజెప్పింది. “నేను తీసుకున్నా” అంది. అప్పుడు లేచాను. ఈలోగా ఇద్దరు ముగ్గురిని అవతలి సెక్టార్‌కి పంపించాను. గుడ్ డే కూడా చెప్పాను. గొంతు వణకలేదు.

ఆ గొంతు ఇప్పటికీ వణకడం లేదు. ఆసుపత్రిలో సంతకాలు పెట్టినప్పుడూ లేదు, మీరు వచ్చినప్పుడూ లేదు. మీకు ఏడుపు రావడం లేదని రాశారే, ఆ ముక్క దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను.

సూపర్‌వైజరుగారు విచారణలో నేనన్న మాట చెప్పలేదట. “నిర్ణయం నాదే” అని రాసిచ్చారట. నేను ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఉండగలనో లేనో నిజాయితీగా చెప్పడం కూడా మా నిబంధనే, ఆ రోజు ఉండగలనన్నది నిజమేనా అని వాళ్ళ సందేహం, అంచేత నా లైసెన్సు సంగతి కూడా మెడికల్ బోర్డు తేలుస్తుంది. ఏమైనా సరే అనిపిస్తోంది. ఇది ధైర్యం కాదు. ఏదీ అనిపించకపోవడం.

మీ కోడలు

ఆగస్టు 21

అమ్మాయికి దీవెనలు.

నీ ఉత్తరం అందిన మర్నాడే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని మీ డైరెక్టరుకి రాశాను. ‘అలా కుదరదు, స్వయంగా వచ్చి మీ మాట చెప్పండి’ అని పిలుపొచ్చింది. వచ్చాను. నువ్వు బోర్డు కోసం వేరే ఊరు వెళ్ళిన రోజునే పడింది. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు.

షాపు నుంచి తిన్నగా బస్సెక్కానేమో, మెడలో టేపు అలాగే ఉండిపోయింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ముందు టేపు చూశాడు, తర్వాత చెవి మిషను చూశాడు, ఇది ఫోనా అన్నాడు. ఫోనైతే బాగుండేది, మాటలైనా వినిపించేవి అన్నాను. నవ్వాడు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. అడిగిన ప్రశ్న నాకు వినపడక, నేను చెప్పేది గట్టిగా చెప్పి, గోలగోలగా ముగిసింది. “తెలీక రాశాను. మా కోడలు తనే ఉంటానంది. ఆ సారు తన హెడ్‌సెట్ కూడా పెట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఇంకేం చేస్తారు ఎవరైనా?” అన్నాను. రాసుకున్నారు.

బయట వరండాలో ఒకాయన లేచి నిలబడ్డారు. చెప్పకుండానే తెలిసింది. “క్షమించండి. ఆమె అడిగినప్పుడు నా మొహం దాచుకోలేకపోయాను” అన్నారు. దగ్గరికొచ్చి నాకు కాస్త వినపడే చెవిలో చెప్పారు కాబట్టి వినిపించింది. ఆయన కాలరు ఒక పక్క లోపలికి మడతపడి ఉంది. దాన్ని సరిచేశాను. అంతకంటే ఏం చేతనవును నాకు?

తర్వాత ఆయనే పర్మిషన్ తీసుకుని నన్ను అద్దం వెనక గదిలోకి తీసుకెళ్ళి మీ హాలు చూపించారు. మసక వెలుతురు, నల్లటి తెరలు, గొణుగుతున్నట్టు కదిలే పెదాలు. అద్దానికి ఇవతల మంచి చెవులున్నవాళ్ళకి కూడా ఏమీ వినపడదట. అందరం సమానమే అక్కడ. మేం చూస్తుండగానే ఒకమ్మాయి వచ్చి ఒకాయన కుర్చీ వెనక నిలబడింది. తీగ గుచ్చుకుంది. ఆయన చూపు తిప్పకుండా తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చెబుతున్నాడు, ఆ పిల్ల తలూపుతోంది. ‘ఇక లే నాయనా’ అని నాకు తొందర. లేవడు. చిట్టచివరికి లేచాడు, లేచి కూడా పోలేదు, పక్కన నిలబడి కాసేపు చూసే వెళ్ళాడు.

మా కోడలి కుర్చీ ఏదని అడిగాను. చూపించారు. అందులో ఎవరో ఉన్నారు. అది ఎప్పుడూ ఖాళీగా ఉండదట.

బస్సులో వస్తుంటే అనుకున్నాను, నేనైతే లేచి పరిగెత్తేవాణ్ణి. పరిగెత్తినా వాడు ఉండేవాడు కాదు. ఇంకెవరి పిల్లలో కూడా లేకుండా పోయేవాళ్ళేమో. ఈ మాట మా చెల్లెలికి చెప్పాను. విని, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. దానికి అదే చాలా ఎక్కువ.

అందరూ స్వెట్టర్లు వేసుకున్నారక్కడ. మిషన్ల కోసం అంత చల్లగా పెడతారట. నీ దగ్గర మంచిదేదైనా ఉందా?

మీ మామయ్య

సెప్టెంబరు 6

మామయ్యగారికి నమస్కారాలు.

సెక్యూరిటీ ఆయన మీ టేపు కథ అందరికీ చెప్పాడు. క్యాంటీన్లో నన్ను చూసి నవ్వబోయి ఆపుకుంటున్నారు.

విచారణ అయిపోయింది. సూపర్‌వైజరుగారు సోమవారం నుంచి డ్యూటీకి వచ్చారు. ఇకమీదట ఇంటి కబురు ఏదైనా సరే, సీటు అప్పగించి హాలు బయటికి వచ్చాకే చెప్పాలని రాతపూర్వకంగా పెట్టారు. మంచిదే. వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

బోర్డు నాకు సర్టిఫికెట్ ఇచ్చింది. మొదట కొన్నాళ్ళు పక్కన ఇంకొకరు కూర్చుంటారు. మొన్న పొద్దున మైకు ముందు కూర్చున్నాను. ఆకాశం నిర్మలంగా ఉంది, విమానాలు తక్కువ. చేయి తిరిగిన పని, ఎక్కడా తడబడలేదు. ఒకరిని అవతలి సెక్టార్‌కి ఇచ్చి ఫ్రీక్వెన్సీ చెప్పాను. ఆయన గుడ్ డే అన్నాడు. నాకు మాత్రం ఆ రెండు ముక్కలూ నోట్లోంచి రాలేదు. అది నిబంధన కాదు, మర్యాద, అంతే. ఎవరూ గమనించలేదు. రోజంతా అలాగే గడిపాను. దుఃఖం అనుకున్నాను, అదీ కాదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు పట్టుకున్న వస్తువు తెలియదు చూడండి, అలా ఉంది.

స్వెట్టరు ఉంది. మోచేతుల దగ్గర చిరిగింది. అయినా మీరు శ్రమ పడకండి.

మీ కోడలు

సెప్టెంబరు 15

అమ్మాయికి దీవెనలు.

ముందే శ్రమ పడ్డాను. ఊలుగుడ్డ మంచిది దొరికింది, బూడిద రంగు. లోపల అస్తరు వేసి కోటు కుట్టాను. నిన్న పార్సిల్లో వేశాను. వేసి వచ్చి బల్ల మీద ముక్కలు ఏరుతుంటే అప్పుడు తెలిసింది.

నీ కొలతలు నా దగ్గర లేవు. ఇన్నేళ్ళలో నీకు ఏదీ కుట్టలేదు కదా, నువ్వు బజారులో కొనుక్కుంటావు. అడగాలన్న ధ్యాసే రాలేదు. మరి సుద్ద పెట్టి గీసిన భుజం ఎవరిది? ఆ ముక్క తీసి చూశాను. కుడి భుజం రవ్వంత కిందికి. పనిముట్ల సంచీ మోసి మోసి వాడి కుడి భుజం అలా దిగిపోయింది. కాలేజీ రోజుల నుంచీ వాడి చొక్కాలన్నీ నేనే కుట్టాను. చేతుల పొడుగు కూడా వాడిదే పెట్టేశాను.

షాపు షట్టరు దించుకుని ఏడ్చాను. గుడ్డలో మొహం పెట్టుకుని బాగా ఏడ్చాను. మా చెల్లెలు బయట నిలబడి షట్టరు కొట్టింది, నాకు వినపడదని మర్చిపోయి.

కోటు తిప్పి పంపు. కొలతలు కూడా రాసి పంపు. భుజాలు విప్పి చిన్నవి చేస్తాను, గుడ్డ పాడవదు.

మీ మామయ్య

సెప్టెంబరు 23

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కన్నా ముందు కోటే వచ్చింది. పార్సిల్ విప్పి, భుజాలు పట్టుకుని పైకెత్తగానే తెలిసింది.

వేసుకున్నాను. భుజాలు కిందికి జారాయి, కుడి భుజం ఇంకాస్త. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. విప్పేద్దామనుకుని అలాగే మంచం మీద కూర్చున్నాను. కూర్చున్నదాన్ని పడుకున్నాను. పడుకున్నదాన్ని నిద్రపోయాను. మధ్యాహ్నం డ్యూటీ. లేచేసరికి టైము దాటిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఆలస్యంగా వెళ్ళడం అదే మొదలు. సూపర్‌వైజరుగారు గడియారం చూశారు, కోటు చూశారు, రిజిస్టరు నావైపు జరిపారు.

కోటు చేతులు రెండు మడతలు పెట్టి సీట్లో కూర్చున్నాను. సైరన్ పక్క సీటు. నన్ను ఎగాదిగా చూసి, తన గొంతుతో హాలంతా వినపడేలా, “ఏంటే ఇది, లోపల ఇంకో మనిషి పడతాడు!” అంది. అనేసి నాలుక కరుచుకుంది.

“పడతాడు” అన్నాను.

నా గొంతు వణికింది. తను నా మొహం చూసి, తన హెడ్‌సెట్ నా పక్కన గుచ్చుకుంది.

తిప్పి పంపను మామయ్యగారూ. కొలతలు కూడా పంపను.

మీ కోడలు